గ్రాన్ టురిస్మో 4లో ఆల్ఫా రోమియో 155 డీటీఎం కారు: అసలు కారు కూడా ఇంత మొండిదేనా?

చక్రి_పీఎస్2 (విజయవాడ)

అందరికీ నమస్తే. అటక మీంచి పీఎస్2 (ప్లేస్టేషన్ 2) దించి మళ్ళీ గ్రాన్ టురిస్మో 4 అనే కార్ల రేసు గేమ్ మొదలెట్టాను. ఈసారి పట్టుకున్నది ఆల్ఫా రోమియో 155 2.5 వీ6 టీఐ, 1993 మోడల్. జర్మనీ టూరింగ్ కార్ల చాంపియన్‌షిప్, అదే డీటీఎం, కొట్టిన కారు. చూడ్డానికి ట్రంకు పెట్టెకి చక్రాలు బిగించినట్టు ఉంటుంది గానీ ఇంజన్ సౌండ్ వింటే మాత్రం టీవీ వాల్యూమ్ తగ్గించబుద్ధి కాదు.

సమస్య ఏంటంటే గేమ్‌లో నార్డ్‌ష్లైఫ, అంటే జర్మనీలోని నూర్బుర్గ్‌రింగ్ పొడవాటి ట్రాక్, మీద తిప్పుతుంటే మలుపుల్లో దీని ముక్కు లోపలికి రావట్లేదు. బ్రేక్ కొట్టి తిప్పితే ముందు చక్రాలు ఈడ్చుకుంటూ నేరుగా గడ్డిలోకి పోతోంది. ఆడెనావర్ ఫోర్స్ట్ అనే మలుపు దగ్గర ప్రతిసారీ అదే గోల. ఫోర్ వీల్ డ్రైవ్ అని తెలుసు. నిజం కారు కూడా ఇలాగే ఉండేదా, లేక గేమ్ వాళ్ళ లెక్క ఇలా ఉందా? ఇంత మొండి కారైతే 1993లో అందర్నీ ఎలా ఓడించింది?

కడప_డ్రిఫ్ట్

ఏమప్పా చక్రీ, ఆలస్యంగా బ్రేక్ కొట్టేది నువ్వు, తిట్లు తినేది కారా? ఏ టైర్లు వేసినావో చెప్పలేదు, స్టీరింగ్ ఉందా రిమోటా చెప్పలేదు. అవి చెప్పకుండా కారు మొండిది అంటే ఎట్ల?

చక్రి_పీఎస్2 (విజయవాడ)

రేసింగ్ మీడియం టైర్లన్నా. మామూలు డ్యుయల్‌షాక్ రిమోటే. ట్రాక్షన్ కంట్రోల్, స్టెబిలిటీ అన్నీ తీసేశాను. సెట్టింగ్స్ ఏవీ ముట్టుకోలేదు, ఎలా వచ్చిందో అలాగే నడుపుతున్నా.

స్వాతి_సిమ్ (బెంగళూరు)

చక్రి గారూ, ముందు గేమ్ సంగతి చెప్తాను, తర్వాత కారు సంగతి.

జీటీ4 (గ్రాన్ టురిస్మో 4)లో అండర్‌స్టీర్, అంటే స్టీరింగ్ తిప్పినంత కారు తిరగకపోవడం, ఈ ఒక్క కారుకే కాదు, దాదాపు అన్ని కార్లకీ ఉంది. వెనక చక్రాల కార్లు కూడా జారాల్సినంత జారవు, ముందు చక్రాలే ముందు పట్టు వదిలేస్తాయి. అందులో ఫోర్ వీల్ డ్రైవ్ వస్తే ఆ గుణం ఇంకా పెరుగుతుంది. 155 ఆ దెబ్బ తిన్నది.

మీరు చేయగలిగింది ఉంది. ముందు, వెనక చక్రాల మధ్య పవర్ పంచే సెంటర్ డిఫరెన్షియల్ కంట్రోలర్ కొని బిగించి, ముందు చక్రాలకి వెళ్ళే టార్క్ బాగా తగ్గించండి. వెనక డిఫరెన్షియల్‌లో డీసెలరేషన్ విలువ తగ్గిస్తే గ్యాస్ (యాక్సిలరేటర్) వదిలినప్పుడు ముక్కు కొంచెం తేలిగ్గా తిరుగుతుంది. ముందు స్టెబిలైజర్ ఒక మెట్టు మెత్తగా, వెనకది ఒక మెట్టు గట్టిగా పెట్టండి. ఇవన్నీ చేసినా బ్రేక్ వదలకుండా స్టీరింగ్ తిప్పితే ఎవరూ కాపాడలేరు. నిటారుగా ఉండగానే బ్రేకింగ్ పూర్తి చేసి, ఆ తర్వాతే తిప్పండి.

అసలు కారులోనూ నాలుగు చక్రాలకీ పవర్ వెళ్ళేది, కానీ ఎక్కువ వాటా వెనక్కే. డ్రైవర్లు దాన్ని వెనక చక్రాల కారులాగే నడపడానికి వీలుగా చేశారు.

మాస్టారు_వైజాగ్

చక్రి అడిగిన రెండో ప్రశ్నకి నేను చెప్తానండీ, ‘ఎలా ఓడించింది’ అన్నదానికి. కొంచెం పెద్దదవుతుంది, ఓపిక పట్టండి.

1992 వరకు డీటీఎం అంటే బీఎండబ్ల్యూ ఎం3, మెర్సిడెస్ 190ఈ, ఆడీ వీ8 క్వాట్రో. 1990లో హాన్స్ యోఆఖిమ్ స్టుక్, 1991లో ఫ్రాంక్ బీలా, ఇద్దరూ ఆడీతోనే గెలిచారు. 1992లో ఆడీ ఇంజన్ క్రాంక్‌షాఫ్ట్ మీద తగాదా వచ్చింది, రూల్స్‌కి విరుద్ధం అన్నారు, ఆడీ సీజన్ మధ్యలోనే మూటాముల్లె సర్దుకుని వెళ్ళిపోయింది. ఆ ఏడాది టైటిల్ మెర్సిడెస్‌తో క్లాస్ లుడ్విగ్‌కి దక్కింది.

1993కి రూల్స్ మారాయి. క్లాస్ 1 అన్నారు. ఇంజన్ 2.5 లీటర్లు దాటకూడదు, సిలిండర్లు ఆరు దాటకూడదు. ఆ హద్దుల్లో మాత్రం చాలా స్వేచ్ఛ ఇచ్చారు. ఇటలీ వాళ్ళు ఇక్కడ అవకాశం చూశారు. అంతకుముందు ఏడాదే ఇటలీ టూరింగ్ కార్ల పోటీ సూపర్‌టురిస్మోలో 155 జీటీఏ అనే టర్బో కారుతో నికోలా లారిని చాంపియన్ అయ్యాడు. ఆ కారులో ఫోర్ వీల్ డ్రైవ్ అనుభవమంతా లాంచియా డెల్టా ఇంటెగ్రాలే ర్యాలీ కార్ల నుంచి వచ్చిందే. అదే జట్టు, జార్జియో పియాంటా నాయకత్వంలో, సెర్జియో లిమోనే డిజైన్‌తో జర్మనీ మీదికి వెళ్ళింది.

షోరూమ్‌లో అమ్మే 155లో ఇంజన్ అడ్డంగా ఉంటుంది, ముందు చక్రాలు తిప్పుతుంది. రేస్ కారులో ఇంజన్ నిలువుగా పెట్టారు, నాలుగు చక్రాలకీ పవర్ ఇచ్చారు, లోపలంతా గొట్టాల చట్రం, పైన కార్బన్ ఫైబర్ తొడుగు. 2.5 లీటర్ల వీ6 నుంచి 420 హార్స్‌పవర్, అదీ టర్బో లేకుండా, 11,000 ఆర్‌పీఎం దాటాక. బరువు 1040 కిలోల దగ్గర. 1993 ఏప్రిల్‌లో బెల్జియంలోని జోల్డర్‌లో మొదటి రౌండ్. రెండు రేసులూ లారినివే. సీజన్ పూర్తయ్యేసరికి దాదాపు సగం రేసులు ఆయన ఖాతాలో ఉన్నాయి. జర్మన్ల సొంత ఇంట్లో, మొదటి ఏడాదే.

గ్రావెల్_ట్రాప్ (హైదరాబాద్)

మాస్టారూ, చరిత్ర బాగుంది. కానీ ఒక ముక్క మీరు మెల్లగా దాటేశారు. 1993లో ఎదురుగా ఎవరున్నారు? ఆడీ లేదు. బీఎండబ్ల్యూ కంపెనీ జట్టు 1992 తర్వాత తప్పుకుంది. ఓపెల్ కాలిబ్రా సీజన్ చివర్లో మొహం చూపించింది. మిగిలింది మెర్సిడెస్ ఒక్కటే. అది కూడా పాత 190ఈ, నాలుగు సిలిండర్లది, వెనక చక్రాలది. ఆరు సిలిండర్ల ఫోర్ వీల్ డ్రైవ్ కారు తెచ్చి దాంతో పోటీ పడి గెలిచామంటే ఏం గొప్ప?

అంత చేసినా మెర్సిడెస్‌తో రోలాండ్ ఆష్ రెండో స్థానంలో వచ్చాడు. 1994లో మెర్సిడెస్ సీ క్లాస్‌తో వీ6 తెచ్చేసరికి టైటిల్ మళ్ళీ లుడ్విగ్‌ది. 1995లో బెర్న్డ్ ష్నైడర్. లెక్క సమానంగా ఉన్న రోజున ఆల్ఫా ఒక్క టైటిల్ కూడా కొట్టలేదు. అది నిజం.

పాలియో_రమణ (సికింద్రాబాద్)

వచ్చిండు మన మెర్సిడెస్ అన్న.

తమ్మీ, రూల్ బుక్ అందరికీ ఒక్కటే ఇచ్చిన్రు కదా. ఆరు సిలిండర్లు పెట్టుకోవచ్చని మెర్సిడెసోళ్ళకు తెల్వదా? ఫోర్ వీల్ డ్రైవ్ వద్దన్నది ఎవరు? వాళ్ళు పాత కారుతో ఇంకో ఏడాది నెట్టుకొద్దామనుకున్నరు, ఇటలీవాళ్ళు రాత్రీ పగలు కూసొని కొత్త కారు చేసిన్రు. పరీక్షకు సదివినోడు ఫస్టొస్తే, మిగిలినోళ్ళు సదవలేదు కాబట్టి వచ్చిండంటవా?

ఇంకో మాట. 155 వచ్చినప్పుడు ఆల్ఫా అభిమానులే ముఖం తిప్పుకున్నరు. అంతకుముందు 75 వెనక చక్రాల కారు, దాని జాగల ఫియట్ టిపో ప్లాట్‌ఫామ్ మీద ముందు చక్రాల కారొచ్చె. ఫియట్ బండికి ఆల్ఫా బొట్టు పెట్టిన్రని అన్నోళ్ళున్నరు. రేసులల్ల గెల్చినంకనే దానికి ఇజ్జత్ వచ్చింది. 1995ల షోరూమ్ కారుకు కూడా వెడల్పు బాడీ ఇచ్చిన్రు. నా దగ్గర ఇంకా ఫియట్ పాలియో ఉన్నది, 1.6 ఇంజన్‌ది. స్పేర్ పార్టులు ఎట్ల దొరుకుతున్నయో నన్నడుగకుండ్రి, ఏడుపొస్తది. అయినా అమ్మను.

కడప_డ్రిఫ్ట్

రమణన్నా, నీ పాలియో కథ ఇంకో చర్చలో ఇరవై పేజీలు ఉండాది. ఇక్కడ కూడా మొదలుపెట్టొద్దు సామీ.

ఐఫెల్_శ్రీను (జర్మనీ)

నేను కొలోన్ దగ్గర ఉంటాను, నూర్బుర్గ్‌రింగ్‌కి గంటన్నర దారి. చక్రి పెట్టిన ప్రశ్నలో ఒక విశేషం ఎవరూ పట్టించుకోలేదు. గేమ్‌లో తను ఈ కారుని నార్డ్‌ష్లైఫ మీద తిప్పుతున్నాడు కదా. 1993 డీటీఎంలో నార్డ్‌ష్లైఫ మీద నిజంగానే ఒక రౌండ్ జరిగింది. రెండు రేసులూ లారినియే గెలిచాడు. ఆ ట్రాక్ మీద రోజూ తిరిగే జర్మన్ డ్రైవర్లని అక్కడే ఓడించాడు. గ్రావెల్_ట్రాప్, దీనికేమంటావ్?

నార్డ్‌ష్లైఫ దాదాపు 21 కిలోమీటర్లు. టికెట్ కొనుక్కుని మన సొంత కారుతో తిరగొచ్చు. నేను మామూలు ఫ్యామిలీ కారులో వెళ్ళాను, ట్యూనింగ్ అదీ ఏం లేదు. గేమ్‌లో ఎంత తిప్పినా తెలియని సంగతి ఎత్తుపల్లాలు. ఫుక్స్‌రోర దగ్గర దిగుతుంటే కడుపులో ఏదో అయిపోతుంది, అడుగుకి చేరగానే సస్పెన్షన్ మొత్తం నొక్కుకుపోయి స్టీరింగ్ బరువెక్కుతుంది, వెంటనే ఎక్కుడు. ఆ ఎక్కుడు అయిపోగానే ఆడెనావర్ ఫోర్స్ట్. ఎడమ మలుపు చూస్తూ వెళ్తాం, అది దాటగానే కుడి మలుపు ఎదురుగా వస్తుంది, అప్పటికి బ్రేక్ కొట్టడానికి చోటు ఉండదు. చక్రీ, నువ్వు గడ్డిలోకి పోయేది అక్కడే కదా, నిజం కార్లు కూడా అక్కడే పోతాయి. ఫెన్సింగ్ అవతల జనం కెమెరాలు పట్టుకుని అక్కడే కూర్చుంటారు.

కారుసెల్ దగ్గర మాత్రం గేమ్ బాగానే చూపించింది. కాంక్రీట్ పలకల వాలులోకి లోపలి చక్రాలు దించి, అవే పట్టాలనుకుని అలాగే తిప్పాలి. బయటికి వచ్చేటప్పుడు ఎగిరిపడతాం. ఫోర్ వీల్ డ్రైవ్ ఉన్నవాడికి అక్కడ మంచి లాభం, ఒక చక్రం గాల్లో ఉన్నా మిగతావి లాగుతాయి.

చక్రి_పీఎస్2 (విజయవాడ)

అరె, ఆ ట్రాక్ మీద నిజంగా ఈ కారు గెలిచిందని నాకు తెలీదు! జీటీ సిరీస్‌లో నార్డ్‌ష్లైఫ మొదటిసారి వచ్చింది జీటీ4లోనే కదా, ఆ కారునీ ఆ ట్రాక్‌నీ ఒకే డిస్కులో ఇచ్చారన్నమాట.

గ్రావెల్_ట్రాప్ (హైదరాబాద్)

ఏమంటానా? లారిని గొప్ప డ్రైవర్ అంటాను. దానికి నేనెప్పుడూ కాదనలేదు. కారు గురించి అడిగితే కారు గురించి చెప్పాను.

స్వాతి_సిమ్ (బెంగళూరు)

ఇద్దరి మాటల్లోనూ ఉన్న అసలు విషయం ఎక్కడ తేలుతుందంటే నెమ్మది మలుపు నుంచి బయటికి వచ్చేటప్పుడు. 420 హార్స్‌పవర్‌ని వెనక రెండు చక్రాల మీదే పెడితే గ్యాస్ ఆచితూచి తొక్కాలి. నాలుగు మీద పెడితే మలుపు సగంలోనే తొక్కేయొచ్చు. వాన పడితే ఆ తేడా ఇంకా పెరుగుతుంది. దానికి మూల్యం కూడా ఉంది. అదనపు షాఫ్ట్‌లు, డిఫరెన్షియల్స్ బరువు, ముక్కు దగ్గర ఎక్కువ సామాను. వేగంగా తిరిగే మలుపుల్లో, టైర్ల అరుగుదలలో అది కట్టాలి.

జీటీ4 ఆ మూల్యం మొత్తం వసూలు చేస్తుంది, లాభం మాత్రం సగమే ఇస్తుంది. ఎందుకంటే అందులో వెనక చక్రాల కార్లు కూడా గ్యాస్ కొడితే పెద్దగా గిరగిరా తిరగవు. వాటికి భయం లేనప్పుడు ఫోర్ వీల్ డ్రైవ్‌కి విలువేముంది? చక్రి గారు కారుని తిట్టుకోవడానికి కారణం నాకు తెలిసినంతలో ఇదే.

అసెట్టో కోర్సా అనే రేసింగ్ గేమ్‌లో కూడా 155 టీఐ వీ6 ఉంది. ఆ గేమ్ చేసిన కునోస్ వాళ్ళు ఇటలీ వాళ్ళే, రోమ్ దగ్గర వల్లెలుంగా సర్క్యూట్‌లోనే ఆఫీసు పెట్టుకున్నారు. 2015లో వాళ్ళ నార్డ్‌ష్లైఫ వచ్చింది, లేజర్‌తో కొలిచి చేసినది. రెండూ కలిపి నడిపితే ఈ కారు స్వభావం వేరేగా తెలుస్తుంది. మలుపులోకి వెళ్ళేటప్పుడు బ్రేక్ కాస్త పట్టి ఉంచితే వెనక భాగం తేలికపడి ముక్కు లోపలికి వస్తుంది, గ్యాస్ తొక్కగానే నాలుగు చక్రాలూ పట్టుకుని లాగేస్తాయి. 8,000 ఆర్‌పీఎం లోపు ఇంజన్ నిద్రలో ఉన్నట్టే. గేర్లు పైకి వేసే టైమింగ్ తప్పితే అద్దంలో కనిపించే వెనక కారు ముందుకొచ్చేస్తుంది.

కువైట్_కిరణ్

మీరంతా జీటీ4 అంటున్నారు గానీ ఈ కారుని నేను మొదట నడిపింది సెగా టూరింగ్ కార్ చాంపియన్‌షిప్‌లో అండీ. 1996 ఆర్కేడ్ మెషిన్. చిన్నప్పుడు ఇక్కడ మాల్‌లో ఉండేది, నాన్న సరుకులు కొనేలోపు నాణేలన్నీ అందులో పోసేవాణ్ణి. నాలుగు కార్లు: ఆల్ఫా 155, మెర్సిడెస్ సీ క్లాస్, ఓపెల్ కాలిబ్రా, టయోటా సుప్రా. సుప్రా జపాన్ జీటీ నుంచి వచ్చింది, మిగతా మూడూ అప్పటి ఐటీసీ (డీటీఎంకి తర్వాత వచ్చిన పేరు) గ్రిడ్ నుంచి.

అబ్బో, ఆ గేమ్ ఎంత కఠినమో. స్టీరింగ్ ఒక వేలెడు ఎక్కువ తిప్పితే గోడ. పాటలు మాత్రం డిస్కో హాల్లో పెట్టినట్టు దడదడలాడేవి. 1997లో ఇంట్లో ఆడుకునే సెగా సాటర్న్‌కి వచ్చింది గానీ ఆర్కేడ్‌లో ఉన్న మజా రాలేదు.

మాస్టారు_వైజాగ్

కిరణ్ గారు ఐటీసీ అన్నారు కాబట్టి దాని ముగింపు కూడా చెప్పాలి. గ్రావెల్_ట్రాప్ బాబు ‘లెక్క సమానంగా ఉన్న రోజున ఒక్క టైటిల్ కొట్టలేదు’ అన్నారు కదా. నిజమే, కానీ ఎంత దగ్గరికి వచ్చిందో చూడండి.

1996 నాటికి డీటీఎం పేరు పోయి అంతర్జాతీయ టూరింగ్ కార్ చాంపియన్‌షిప్ అయింది. జపాన్‌లో సుజుకాకీ, బ్రెజిల్‌లో ఇంటర్లాగోస్‌కీ కార్లు మోసుకెళ్ళారు. ఆల్ఫా వీ6 ఇంజన్‌ని 90 డిగ్రీలకి మార్చుకుంది, పవర్ 500 దగ్గరికి చేరింది. మార్టిని రంగుల్లో ఉన్న ఆ కారు ఫోటో చాలామంది చూసే ఉంటారు. ఆ ఏడాది అందరికంటే ఎక్కువ రేసులు గెలిచింది ఆల్ఫాతో అలెస్సాండ్రో నానిని. టైటిల్ మాత్రం ఓపెల్ కాలిబ్రా నడిపిన మాన్యుయల్ రాయిటర్ ఎగరేసుకుపోయాడు. గెలుపుల కంటే నిలకడగా పాయింట్లు తెచ్చుకోవడం పనికొచ్చింది.

ఖర్చు మాత్రం ఆకాశానికి పోయింది. ఎలక్ట్రానిక్స్ అంతా ఫార్ములా 1 స్థాయికి చేరింది. సీజన్ చివర ఆల్ఫా, ఓపెల్ రెండూ తప్పుకోగానే మెర్సిడెస్ ఒక్కటీ ఎవరితో పోటీ పడుతుంది? చాంపియన్‌షిప్ మూతబడింది. డీటీఎం పేరుతో మళ్ళీ మొదలవడానికి 2000 దాకా పట్టింది.

నానిని గురించి ఒక మాట చెప్పకుండా ఉండలేను. 1989లో బెనెట్టన్‌తో జపాన్ గ్రాండ్ ప్రీ గెలిచిన మనిషి. 1990 అక్టోబర్‌లో హెలికాప్టర్ ప్రమాదంలో కుడి ముంజేయి తెగిపోయింది. డాక్టర్లు తిరిగి అతికించారు. ఫార్ములా 1కి మళ్ళీ రాలేకపోయాడు, కానీ 1993లో లారిని పక్కన ఇదే 155 నడిపి రేసులు గెలిచాడు. మనం బొటనవేలితో స్టిక్ తిప్పుతూ ముక్కు లోపలికి రావట్లేదని విసుక్కునే కారుని ఆయన ఆ చేత్తో తిప్పాడండీ.

పాలియో_రమణ (సికింద్రాబాద్)

మాస్టారూ, గీ నానిని సంగతి నాకు సగమే తెలుసుండె. దండం పెట్టాలె.

లారిని గురించి కూడా చెప్పుండ్రి. 1994ల ఇమోలా ఫార్ములా 1 రేసుల, తమ డ్రైవర్ అలేసీ గాయపడ్డడని ఫెరారీ ఆయనకు సీటిచ్చింది, రెండో స్థానంల వచ్చిండు. కానీ ఆ రోజు సెన్నా పోయిండు కదా, ఎవరు గుర్తు పెట్టుకుంటరు ఆ పోడియంను. పాపం.

గ్రావెల్_ట్రాప్ (హైదరాబాద్)

నానినికి నేనూ దండం పెడతా, అందులో తగాదా లేదు. కానీ ‘దగ్గరికి వచ్చింది’ అన్నది టైటిల్ కాదు మాస్టారూ. దగ్గరికి రావడం లెక్కలోకి తీసుకుంటే 1993లో ఆష్ కూడా దగ్గరికే వచ్చాడు, అదీ నాలుగు సిలిండర్లతో. ఒక వైపు ఒక కొలత, ఇంకో వైపు ఇంకో కొలత పెడితే ఎలా?

స్వాతి_సిమ్ (బెంగళూరు)

ఆ మాటకి బలం ఉంది. ఆష్ ఆ కారుతో రెండో స్థానం తేవడం నిజంగా పెద్ద విషయం, దాని గురించి ఎవరూ మాట్లాడరు.

కానీ రూల్ కొత్తగా వచ్చిన ఏడాది దాన్ని ఎవరు ముందు అర్థం చేసుకుంటారన్నది కూడా మోటార్ రేసింగ్‌లో పోటీయే. కారు డిజైన్ చేసే గదిలో జరిగే రేసు అది. ఆ రేసు ఆల్ఫా 1992 చలికాలంలోనే గెలిచింది. 1993 చలికాలానికి మెర్సిడెస్ గెలిచింది. మీరిద్దరూ చెప్పేది ఒకే కథలోని రెండు భాగాలు, తగాదా దేనికో నాకు అర్థం కావట్లేదు.

కడప_డ్రిఫ్ట్

తగాదా లేకపోతే ఈ వేదికకు ఎవరొస్తారమ్మా?

అడ్మిన్

వ్యక్తిగత మాటలు లేనంత వరకు తగాదా పడొచ్చు. పాలియో స్పేర్ పార్టుల గురించి వేరే చర్చ ఉంది, అక్కడ అడగండి. ఇక్కడ ఇప్పటికే మూడు పోస్టులు తీసేశాను.

చక్రి_పీఎస్2 (విజయవాడ)

అందరికీ థాంక్స్. రాత్రి స్వాతి గారు చెప్పినట్టు చేసి చూశాను. సెంటర్ డిఫ్ కంట్రోలర్ వేసి ముందు టార్క్ తగ్గించాను, స్టెబిలైజర్లు మార్చాను. ఎంత తేడానో! బ్రేక్ పూర్తిగా వదిలాక తిప్పితే ముక్కు వింటోంది. బెర్గ్‌వెర్క్ నుంచి ఎక్కుడు మొదలయ్యే చోట గ్యాస్ ముందే తొక్కగలుగుతున్నా, అక్కడే టైమ్ చాలా తగ్గింది. వెనక వైపు మాత్రం ఫ్లాంజ్‌గార్టెన్ దగ్గర ఎగిరి కింద పడేటప్పుడు కొంచెం ఊగుతోంది.

శ్రీను అన్నా, ఆడెనావర్ ఫోర్స్ట్‌లో ముందున్న ఎడమ మలుపు మధ్యలోనే బ్రేక్ మొదలెట్టాలా, లేక దాని ముందే అంతా చంపేయాలా?

ఐఫెల్_శ్రీను (జర్మనీ)

ముందే చంపేయి తమ్ముడూ. ఎక్కుడు మీద బ్రేక్ బాగా పడుతుంది, ఆ ఎక్కుడు అయిపోకముందే స్పీడ్ దించుకో. ఎడమ మలుపుకి అసలు విలువ ఇవ్వకు, నెమ్మదిగా ఎడమ అంచున ఉండేలా చూసుకుని కుడి మలుపు కోసం కారుని సిద్ధం చేసుకో. అక్కడ ఒక సెకను పోయినట్టు అనిపిస్తుంది గానీ, తర్వాత వచ్చే తిన్నని దారిలో అంతకంటే ఎక్కువ తిరిగొస్తుంది.

ఫ్లాంజ్‌గార్టెన్‌లో ఊగుతోందంటే వెనక స్ప్రింగ్ గట్టిగా ఉన్నట్టు. రైడ్ హైట్ కొంచెం పెంచు. ఈ ట్రాక్ మీద మరీ కింద పెడితే కారు పొట్ట రోడ్డుకి తగిలి స్టీరింగ్ పని చేయదు.

ఇంకో సంగతి, మిలాన్ దగ్గర అరేసెలో ఆల్ఫా మ్యూజియం ఉంది. 155 డీటీఎం కారు అక్కడ ఉంది, దగ్గరికి వెళ్ళి చూడొచ్చు. ఫోటోల్లో తెలియదు గానీ చక్రాల తొడుగులు ఎంత బయటికి పొడుచుకొచ్చాయంటే మామూలు 155కి దానికీ పోలిక డోర్ల దగ్గర మాత్రమే. తలుపు సందులోంచి తొంగి చూస్తే సీటు దాదాపు కారు మధ్యలోకి, వెనక్కి జరిపేసి ఉంది. బరువు సర్దడానికి డ్రైవర్ని కూడా సామానులాగే చూశారు.

కువైట్_కిరణ్

ఇంగ్లండ్ బీటీసీసీ (బ్రిటిష్ టూరింగ్ కార్ చాంపియన్‌షిప్)లో టార్క్విని గెలిచిన 155 కూడా ఇదేనా? దానికి వెనక రెక్క గొడవ ఏదో అయిందని విన్నాను.

మాస్టారు_వైజాగ్

కాదండీ, అది వేరే కారు. 1994 బీటీసీసీ 2 లీటర్ల సూపర్ టూరింగ్ రూల్స్. నాలుగు సిలిండర్లు, ముందు చక్రాల డ్రైవ్. రోడ్డు మీద అమ్మే కారుతోపాటే బిగించుకునేలా ముందు స్ప్లిటర్, వెనక రెక్క ఇచ్చారు, రూల్స్‌లో రాసినదాన్ని అక్షరాలా పాటించి అసలు ఉద్దేశాన్ని దాటేశారు. మిగతా జట్లు మండిపడ్డాయి, ఔల్టన్ పార్క్‌లో ఆల్ఫా అలిగి వెళ్ళిపోయింది. తర్వాత రాజీ అయింది. అయినా గాబ్రియేల్ టార్క్విని టైటిల్ గెలిచాడు. మళ్ళీ అదే మనిషి 2009లో సీట్ కారుతో ప్రపంచ టూరింగ్ కార్ చాంపియన్ అయ్యాడు, 47 ఏళ్ళ వయసులో.

గ్రావెల్_ట్రాప్ (హైదరాబాద్)

చూశారా, అక్కడా రూల్ బుక్‌లో సందు వెతికి గెలవడమే. ఇటలీ వాళ్ళ అలవాటు అది.

పాలియో_రమణ (సికింద్రాబాద్)

మాటలు వద్దు తమ్మీ, ట్రాక్ మీదికి రా. శనివారం రాత్రి 9 గంటలకు అసెట్టో కోర్సాల రూమ్ పెడదాం. నార్డ్‌ష్లైఫ, మూడు ల్యాపులు. నేను 155 తెస్త. నీకు మెర్సిడెస్ రేస్ కారు దొరకదేమో, ఉన్నది రోడ్డు మీద నడిచే 190ఈ.

గ్రావెల్_ట్రాప్ (హైదరాబాద్)

నేను బీఎండబ్ల్యూ ఎం3 ఈ30 గ్రూప్ ఏ తెస్తాను. పాత కారే, వెనక చక్రాలే, నాలుగు సిలిండర్లే. గెలిస్తే మీరంతా ఆష్‌కి క్షమాపణ చెప్పాలి. రమణ అన్న దగ్గర 420 హార్స్‌పవర్ ఉంది కాబట్టి ఆ కారుకి బ్యాలస్ట్ (అదనపు బరువు) పెట్టించండి స్వాతి గారూ.

స్వాతి_సిమ్ (బెంగళూరు)

100 కిలోలు పెడతాను. టైర్ అరుగుదల మామూలు రేటు, డ్యామేజ్ ఆన్. ఏబీఎస్ ఫ్యాక్టరీ సెట్టింగ్. 155కి అసలు కారులోనూ ఏబీఎస్ ఉంది కాబట్టి అభ్యంతరం చెప్పొద్దు.

పాలియో_రమణ (సికింద్రాబాద్)

100 కిలోలా! నా పాలియోల నలుగురు ఎక్కినా గంత బరువు అనిపియ్యదు. 60 చేయుండ్రి.

స్వాతి_సిమ్ (బెంగళూరు)

80. ఇంక బేరం లేదు. ఎవరెవరు వస్తారో కింద రాయండి, పాస్‌వర్డ్ విడిగా పంపుతాను. చక్రి గారూ, పీసీ ఉంటే మీరూ రండి, లేకపోతే శ్రీను గారు స్ట్రీమ్ పెడతారు.

కడప_డ్రిఫ్ట్

నేనొస్తా. ఎం3 నాక్కూడా ఒకటి.

ఐఫెల్_శ్రీను (జర్మనీ)

మీ 9 గంటలంటే నాకు సాయంత్రం, స్ట్రీమ్ పెట్టగలను. మొదటి ల్యాపులో ఫుక్స్‌రోర దగ్గర ఎవరూ ఓవర్‌టేక్ చేయొద్దని ముందే రూల్ పెట్టండి స్వాతి గారూ, పోయినసారి ఆరు కార్లు అక్కడే గుట్టగా పడ్డాయి.